రూటర్లకు కాపలా కాసిన పచ్చ తెర

ఇవాళ బ్యాంకు బ్రాంచిలో రూటర్ మొరాయిస్తే ఆ సంగతి నెట్‌వర్క్ ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోనో, ఫోన్‌లోనో కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల కిందట మెయిన్‌ఫ్రేమ్ నడిపే సంస్థల్లో పద్ధతి వేరు. రూటర్ పడిపోయిన కబురు మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటర్ ముందున్న నల్లటి తెర మీద పచ్చ అక్షరాల్లో వచ్చేది. ఆ తెర మీద నుంచే రూటర్‌కు ఆదేశాలూ వెళ్లేవి. లెక్కలు చేసే పెద్ద యంత్రానికి రూటర్ల కాపలా ఎలా అంటగట్టారు?

దీనికి మూలం 1974లో ఉంది. ఆ ఏడాది ఐబీఎం ‘సిస్టమ్స్ నెట్‌వర్క్ ఆర్కిటెక్చర్’ను ప్రకటించింది. అందరూ దాన్ని ఎస్ఎన్ఏ అనేవారు. పెత్తనమంతా మెయిన్‌ఫ్రేమ్‌దే. అందులో నడిచే వీటామ్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర ప్రతి లైనుకూ, ప్రతి కంట్రోలర్‌కూ, ప్రతి టెర్మినల్‌కూ ఒక పేరుంటుంది. అది అనుమతిస్తేనే బ్రాంచిలోని టెర్మినల్ పనిలోకి దిగుతుంది. ఆపరేటర్ డిస్‌ప్లే కమాండ్‌తో పేరు కొడితే అది పనిలో ఉందో లేదో తెలిసిపోతుంది. వేరీ కమాండ్‌తో దాన్ని ఆపొచ్చు, మళ్లీ లేపొచ్చు. నెట్‌వర్క్ మొత్తం మెయిన్‌ఫ్రేమ్ గుప్పిట్లో ఉన్నప్పుడు దాని బాగోగులు చూసే కుర్చీ కూడా అక్కడే పడింది.

మొదట్లో ఈ పనికి సాధనాలు విడివిడిగా ఉండేవి. ఆపరేటర్ కమాండ్లకు ఎన్‌సీసీఎఫ్, పరికరాల లోపాలు పట్టడానికి ఎన్‌పీడీఏ, సెషన్ల జాడ తీయడానికి ఎన్ఎల్‌డీఎం. 1986లో ఐబీఎం వీటిని ఒక గూటికి చేర్చి ‘నెట్‌వ్యూ’ అని పేరు పెట్టింది. ఎవరి పాత్ర ఏమిటో కూడా అప్పుడే తేల్చింది. కబుర్లన్నీ చేరే చోటు ఫోకల్ పాయింట్. తన సంగతి తానే చెప్పుకోగల ఎస్ఎన్ఏ పరికరం ఎంట్రీ పాయింట్. ఎస్ఎన్ఏ భాష రాని పరికరాల తరఫున మాట్లాడే దుబాసీ సర్వీస్ పాయింట్. రూటర్ల కథలో అసలు పాత్ర ఈ దుబాసీదే.

ఇలాంటి నెట్‌వర్క్ మీద ఒక ఊరు ఎంతగా ఆధారపడుతుందో సింగపూర్ చూపిస్తుంది. అక్కడ ప్రభుత్వం కంప్యూటర్ల వైపు తొందరగానే మళ్లింది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ సీపీఎఫ్ బోర్డు 1963లోనే ఐబీఎం 1401 పెట్టుకుంది. 1981లో నేషనల్ కంప్యూటర్ బోర్డు ఏర్పడి, ప్రభుత్వ శాఖల కంప్యూటరీకరణను భుజాన వేసుకుంది. 1989 జనవరి 1న ట్రేడ్‌నెట్ మొదలైంది. ఎగుమతి దిగుమతి అనుమతుల కోసం కాగితాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగే వర్తకులు కంప్యూటర్ నుంచే దరఖాస్తు పంపడం మొదలుపెట్టారు. రోజులు పట్టే అనుమతి నిమిషాల్లోకి వచ్చింది. ఓడరేవూ, కస్టమ్సూ, బ్యాంకులూ లైన్ల మీద ఆధారపడ్డ ఊళ్లో లైను తెగితే వ్యాపారం ఆగినట్టే.

అదే కాలంలో ఇంటర్నెట్ భాష అయిన ఐపీతో నడిచే మరో ప్రపంచం పెరుగుతూ వచ్చింది. 1984లో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన లెనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ రూటర్ల కంపెనీ సిస్కోను స్థాపించారు. 1988లో నెట్‌వర్క్ పరికరాల పర్యవేక్షణకు ఎస్ఎన్ఎంపీ ప్రమాణం వచ్చింది. ఏ కంపెనీ రూటర్‌నైనా ఏ కంప్యూటర్ నుంచైనా పలకరించే వీలు కలిగింది. సింగపూర్‌లో బయటి నెట్‌వర్క్‌ల గాలి ముందు విశ్వవిద్యాలయాలకు తగిలింది. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ 1987లో విశ్వవిద్యాలయాలను కలిపే బిట్‌నెట్‌లో చేరింది. 1991 నాటికి పరిశోధకుల కోసం టెక్‌నెట్ వచ్చింది. 1994లో సింగ్‌నెట్ సామాన్యులకూ ఇంటర్నెట్ తలుపు తీసింది.

బ్యాంకులకు మాత్రం ఇరకాటం వచ్చిపడింది. ఒకే బ్రాంచికి రెండు లైన్లు: క్యాషియర్ టెర్మినల్‌కు ఎస్ఎన్ఏ లైను, ఆఫీసు పీసీలకు మరొకటి. రెండింటికీ అద్దె. రూటర్ పెట్టి రెండు రకాల ట్రాఫిక్‌నూ ఒకే లైనులో పంపితే ఖర్చు తగ్గుతుంది. ఎస్ఎన్ఏ ట్రాఫిక్‌ను ఐపీ మీద మోసే డేటా లింక్ స్విచింగ్ పద్ధతిని ఐబీఎం 1993లో ఒక పత్రంగా బయటపెట్టింది. 1995లో దాన్ని సవరించి మరో పత్రం వచ్చింది.

డబ్బు మిగిలింది కానీ చూపు పోయింది. దారిలో రూటర్ ఆగితే నెట్‌వ్యూ తెర మీద ఏం కనిపిస్తుంది? దాని వెనకున్న కంట్రోలర్లు, టెర్మినళ్లు వరసగా పడిపోయినట్టు సందేశాలు కుప్పలుగా వస్తాయి. అసలు పడిపోయిన రూటర్ పేరు అందులో ఉండదు, ఎందుకంటే వీటామ్ జాబితాలో అది లేనే లేదు.

ఈ లోటు పూడ్చడానికే సిస్కో తన రూటర్ సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ పాయింట్‌ను చేర్చింది. రూటర్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి మెయిన్‌ఫ్రేమ్‌తో కలిపితే వీటామ్ కంటికి అదీ ఒక ఎస్ఎన్ఏ పరికరమే. దాంతో మూడు పనులు జరిగేవి. ఇంటర్‌ఫేస్ పడిపోతే రూటర్ అడక్కుండానే అలర్ట్ పంపేది. తన మోడల్, వెర్షన్ లాంటి వివరాలు అడిగితే చెప్పేది. మూడోది రన్‌కమాండ్. ఆపరేటర్ రన్‌కమాండ్ అని కొట్టి, సర్వీస్ పాయింట్ పేరు రాసి, పక్కన మామూలు రూటర్ కమాండ్ రాస్తే జవాబు అదే తెర మీద వచ్చేది. మరో యంత్రంలోకి వెళ్లి మాటామాటా నడిపే టెల్నెట్, ఆర్‌లాగిన్ లాంటి కమాండ్లకు మాత్రం చోటు లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే.

ఈ ఏర్పాటు ఎక్కువ కాలం రాజ్యమేలలేదు. ఐబీఎం తానే 1992లో యునిక్స్ యంత్రం మీద నడిచే నెట్‌వ్యూ/6000 తెచ్చింది, అది ఎస్ఎన్ఎంపీ బాట పట్టింది. 1999లో తన నెట్‌వర్కింగ్ సాంకేతికతను దాదాపు 200 కోట్ల డాలర్లకు సిస్కోకే అమ్మేసింది. ఒకప్పుడు నెట్‌వర్క్‌కు యజమాని అయిన మెయిన్‌ఫ్రేమ్ ఐపీ నెట్‌వర్క్‌లో మరో చిరునామాగా మిగిలింది. నెట్‌వ్యూ ఇప్పటికీ ఉంది, మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకుంటోంది.

తెర మారినా దాని ముందు కూర్చునే మనిషి బాధ్యత మారలేదని సింగపూర్‌కు 2010లో తెలిసొచ్చింది. డీబీఎస్ బ్యాంకు తన కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణను 2002లో పదేళ్లకు ఐబీఎంకు అప్పగించింది. 2010 జులై 3న మెయిన్‌ఫ్రేమ్‌కు అనుసంధానించిన స్టోరేజీలో ఒక లింకు నిలకడగా లేదని పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ అలర్ట్ పంపింది. అది దేశం బయట ఉన్న ఐబీఎం సహాయ కేంద్రానికి చేరింది. ఇంజినీరూ వెళ్లాడు. అప్పటికి బ్యాంకు పనులేవీ ఆగలేదు. జులై 5 తెల్లవారుజామున, పాతబడిన పద్ధతిలో కేబుల్ మారుస్తుండగా వ్యవస్థ మొత్తం కూలింది. సుమారు మూడింటి నుంచి పదింటి దాకా ఏటీఎంలు సహా సేవలు స్తంభించాయి.

సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ మాస్ ఆగస్టులో డీబీఎస్‌ను బహిరంగంగా మందలించింది. అదనంగా సుమారు 23 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనం పక్కన పెట్టమంది. ఒకే సేవాసంస్థ మీద అతిగా ఆధారపడొద్దని హెచ్చరించింది. 2013లో ఆర్థిక సంస్థలన్నింటికీ నియమాలు జారీ చేసింది. అవి 2014 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి: కీలక వ్యవస్థ అనుకోకుండా ఆగే సమయం ఏ పన్నెండు నెలల్లోనూ మొత్తం నాలుగు గంటలు దాటకూడదు, ముఖ్యమైన అంతరాయం కనిపెట్టిన గంటలోగా మాస్‌కు చెప్పాలి.

డీబీఎస్‌లో అలర్ట్ రెండు రోజుల ముందే వచ్చింది. లోపం తెరది కాదు, అలర్ట్ తర్వాత చేసిన పనిది. పర్యవేక్షణకు కొత్త సాఫ్ట్‌వేర్ కొనే సంస్థ ఏదైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అలర్ట్ వచ్చాక ఎవరు, ఏ పద్ధతిలో, ఎవరి అనుమతితో చెయ్యి పెడతారు?