దామాషా ప్రాతినిధ్యము – ఆంధ్ర శాసనసభా ఎన్నికల సాక్ష్యము

1949 జనవరి 4వ తేదీన భారత రాజ్యాంగ పరిషత్తునందు కాజీ సయ్యద్ కరీముద్దీన్ ఒక సవరణను ప్రతిపాదించెను. లోకసభ ఎన్నికలు బహుసభ్య నియోజకవర్గములలో, వోటరు తన వోట్లను ఒకే అభ్యర్థికి కూడబెట్టి వేయుటకు వీలుండు పద్ధతిని, దామాషా ప్రాతినిధ్యము సిద్ధించునట్లు జరుగవలెనని దాని సారాంశము. పరిషత్తు దానిని త్రోసిపుచ్చెను. అంతటితో ఈ సమస్య తీరిపోయినదని పలువురు భావించుచు వచ్చిరి. నాటి తీర్పునకు ఆధారములైన హేతువులలో నేటికిని నిలిచినవెన్ని, సడలినవెన్ని అను విషయమును మన ప్రాంతపు ఎన్నికల సాక్ష్యముతో పరిశీలింప బూనుకొనుచున్నాము.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. హిందీలో 'ఆనుపాతిక' అను సంస్కృత శబ్దము స్థిరపడగా, తెలుగున కచేరీ మాటయైన 'దామాషా' నిలిచినది. ఒకని ఆస్తి అప్పులన్నిటికిని చాలనప్పుడు ఋణదాతలకు వారి వారి మొత్తముల చొప్పున పంచి యిచ్చుట దామాషా. చిన్న మొత్తము రావలసినవానికి చిన్న వాటాయైనను దక్కును. పెద్ద ఋణదాత సర్వమును ఎత్తుకొనిపోవుటకు వీలులేదు. ఎన్నికలలో ఈ పద్ధతిని కోరువారి వాదమంతయు ఆ పదమునందే యిమిడియున్నది.

కరీముద్దీన్ సవరణకు డాక్టరు అంబేద్కర్ చెప్పిన సమాధానమున మూడు హేతువులు ప్రధానములు. వోటరు కనీసము అంకెలనైనను గుర్తించి వ్రాయగలిగిననే గాని ఈ పద్ధతి సాగదు. మన దేశమున అక్షరాస్యత అంతగా లేదు. రెండవది, ఇది శాసనసభను చిన్న చిన్న వర్గములుగా చీల్చును. పార్లమెంటరీ ప్రభుత్వమునకు స్థిరత్వము ముఖ్యము. మూడవది, అల్పసంఖ్యాకులకు స్థానములు ప్రత్యేకించుటకు ఒడంబడిక యప్పటికే జరిగియున్నది. దామాషా పద్ధతి యట్టి నిశ్చితమైన వాటాను ఈయజాలదు.

మొదటి హేతువు ఆనాటికి బలమైనదే. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె చొప్పున నుంచి, దానిపై గుర్తును అంటించిరి. వోటరు నచ్చిన పెట్టెలో కాగితమును వేసి వచ్చిన చాలును. అట్టివారిని ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యములు వ్రాయుమనుట అసాధ్యము. కాని ఆ యాక్షేపణ అంకెలతో కూడిన పద్ధతికే తగులును. పార్టీ జాబితాకు వోటు వేయు పద్ధతిలో గుర్తు తెలిసిన చాలును. ఈ భేదమును నాటి చర్చ పాటించియుండిన బాగుండెడిది. 2011 నాటికి ఏడేండ్లు పైబడినవారిలో నాలుగింట మూడు వంతుల మంది చదువరులైరి గనుక, అంకెల యాక్షేపణకును బలము తగ్గినది.

మూడవ హేతువు గతి మరియు విచిత్రము. ఏ ఒడంబడికను చూపి దామాషాను నిరాకరించిరో, మతపరమైన అల్పసంఖ్యాకుల విషయమున ఆ ఒడంబడికనే పరిషత్తు 1949 మే నెలలో రద్దు చేసెను. షెడ్యూల్డు కులములకును, తెగలకును మాత్రమే స్థానములు నిలిచినవి. హేతువు తొలగినను తీర్పు మారలేదు. ఇంకొకటి: ఆ పరిషత్తు సభ్యులలో అత్యధికులు 1946లో రాష్ట్ర శాసనసభల నుండి బదిలీ వోటు ద్వారా, అనగా దామాషా పద్ధతినే, ఎన్నికైరి. బొంబాయిలో బలము చాలని అంబేద్కర్ బెంగాలు నుండి పరిషత్తున ప్రవేశించుటకు తోడ్పడినది ఆ పద్ధతియే. దీనిని ఆయనకు దోషముగా మేము చెప్పుటలేదు. ఆ పద్ధతి ఎవరికి ఉపకరించునో ఇంతకంటె మంచి యుదాహరణము లేదు.

ఇక స్థిరత్వము. దీనికి 1952–55 నడిమి ఆంధ్ర చరిత్ర సాక్ష్యము పలుకును. 1952 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రమందలి ఆంధ్ర జిల్లాల 140 స్థానములలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 వచ్చినవి. కాంగ్రెసును వీడినవారు వేర్వేరు పార్టీలుగా పోటీచేయుటచే ఎదుటి వోట్లు చీలినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినది. ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒక్క వోటు తేడాతో పడిపోయెను. ఆ సభ దామాషా పద్ధతిని ఏర్పడినది కాదు. అస్థిరత దామాషా దేశములకే పరిమితమను వాదమునకు ఈ యొక్క యుదాహరణమే అడ్డు.

1955 ఫిబ్రవరి ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఐక్యముగా నిలిచినవి. 196 స్థానములలో ఆ కూటమికి 146 లభించినవి. కాంగ్రెసు ఒక్కదానికే సుమారు 39 శాతము వోట్లతో 119 స్థానములు. కమ్యూనిస్టులకు సుమారు 31 శాతము వోట్లతో 15 స్థానములు. మూడేండ్లలో వారి వోట్ల శాతము పెరిగినది, స్థానములు మాత్రము 41 నుండి 15కు దిగినవి. 1952లో ఓడిన బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

ఆ 39 అను అంకెను జ్ఞాపకముంచుకొని ఇటీవలి ఎన్నికలను చూతము. 2019లో 175 స్థానముల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జరిగిన ఎన్నికలలో తెలుగుదేశము పార్టీకి వచ్చిన వోట్లు 39 శాతము, స్థానములు 23. 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసు పార్టీకి వచ్చినవి ఇంచుమించు 39 శాతమే, స్థానములు 11. ఒకే వాటా ఒకప్పుడు రాజ్యము నిచ్చినది, రెండు పర్యాయములు మూలకు నెట్టినది. తేడా ప్రజల మొగ్గులో లేదు; ఎదుటివారు చీలిరా, కలిసిరా అను దానియందున్నది. ఈ మూడంకెలను తరగతిలో నల్లబల్లపై వ్రాసినప్పుడెల్ల విద్యార్థులు మొదట మా లెక్కను శంకింతురు.

అయితే చరిత్ర విద్యార్థి ఒక పొరపాటును తప్పించుకొనవలెను. 1955లో 31 శాతమునకు దామాషాను 61 స్థానములు రావలెనని గుణించి, అదియే జరిగియుండెడిదని చెప్పరాదు. కమ్యూనిస్టుల శాతము పెరుగుటకు వారు మునుపటికంటె ఎక్కువ స్థానములకు పోటీచేయుట యొక కారణము. మూడు పార్టీలు కూడుటకు కారణము ఆ యెన్నికల పద్ధతియే. దామాషా యున్నచో కూటమి యుండెడిది కాదు. పద్ధతి మారిన వోటరు బుద్ధియు మారును.

కావున మా యభిప్రాయము మితమైనది. పూర్తి దామాషాను మేము కోరము. ఊరివారు తమ సభ్యుని పేరుతో ఎరిగి, నిలదీయు సౌకర్యము చిన్నది కాదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో, లోకసభలో నున్న స్థానములను అట్లే యుంచి, మరి 25 శాతము స్థానములను జాబితా పద్ధతిని నింపవలెనని సూచించినది. ఆ లెక్కను 175 స్థానముల సభకు అన్వయించిన 44 స్థానములు చేరును. 39 శాతము వోట్లున్న పార్టీకి వానిలో సుమారు 17 దక్కును. పదకొండు ఇరువదెనిమిదియగును. అధికారము చేతులు మారదు, కాని ప్రతిపక్షమునకు నోరుండును. 2024 పిమ్మట, సభలో పదవ వంతు లేరను కారణమున ప్రతిపక్ష హోదాయే వివాదమైనదని గుర్తుంచుకొనవలెను.

దామాషా మన రాజ్యాంగమునందు ఇప్పుడును లేకపోలేదు. రాజ్యసభకు శాసనసభ్యులు బదిలీ వోటు ద్వారా సభ్యుల నెన్నుకొందురు. మూడు స్థానములున్నప్పుడు, 175 మంది సభలో గెలుపునకు 44 వోట్లు కావలెను, నాలుగున్న 36. పదకొండుమంది ఉన్న పక్షము ఎన్ని ప్రాధాన్యములు వ్రాసినను ఒక్క స్థానమును పొందజాలదు. మొదటి మెట్టున లోపించిన దామాషాను రెండవ మెట్టు పూరింపలేదు.