మాన్యువల్ గేరు బాక్సు ఆయుష్షు ఎక్కడిది?

అమెరికాలో డాడ్జ్ కంపెనీ 1989 మోడల్‌తో తన పెద్ద పికప్పు ట్రక్కులకు కమ్మిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజను బిగించడం మొదలుపెట్టింది. పొలం యంత్రాలకూ రోడ్డు పనుల యంత్రాలకూ మధ్యరకం లారీలకూ వాడుతున్న ఇంజను అది. మన దేశంలో జంషెడ్‌పూర్‌లోని టాటా కమ్మిన్స్ ఫ్యాక్టరీ టాటా లారీల కోసం చేసిన ఇంజన్లూ ఈ కుటుంబానివే. డాడ్జ్ ట్రక్కులో ఆ ఇంజను శక్తి 160 హార్స్ పవరే. టార్కు మాత్రం దాదాపు 540 న్యూటన్ మీటర్లు, అదీ 1700 ఆర్పీఎం దగ్గరే అందేది. వెనక పశువుల ట్రైలరో గడ్డి మోపుల ట్రైలరో తగిలించి కొండెక్కినా ఇంజను లొంగేది కాదు. లొంగితే దాని వెనకున్న గేరు బాక్సే లొంగాలి. అప్పటి నుంచి ట్రక్కులు నడిపేవాళ్లలో ఒక మాట నాటుకుపోయింది: మాన్యువల్ అయితే ఇంజనుతో పాటు బతుకుతుంది, ఆటోమేటిక్ అయితే మధ్యలోనే చేతులెత్తేస్తుంది. ఆ మాటలో నిజం ఉంది. కానీ దానికి అందరూ చెప్పే కారణం, మాన్యువల్‌లో ఇనుము గట్టిదని, సగం మాత్రమే సరైనది. మాన్యువల్ ఎక్కువకాలం బతకడానికి అసలు కారణాలు నా దృష్టిలో రెండు. మొదటిది, అరిగే భాగం బాక్సు బయట ఉండటం. రెండోది, ఇంజను ఇచ్చే టార్కు ఆ బాక్సు మోయగలిగిన హద్దులో ఉండటం. ఈ రెండూ ఉన్నన్నాళ్లు ఆ పేరు నిలిచింది.

ముందు పోటీదారు సంగతి. తొలి కమ్మిన్స్ డాడ్జ్‌లలో వచ్చిన ఆటోమేటిక్‌కు మూడే గేర్లు. హైవే మీద ఇంజను వేగం తగ్గించే ఓవర్‌డ్రైవ్ లేదు, టార్కు కన్వర్టరును బిగించి ఉంచే లాకప్ క్లచ్ కూడా లేదు. కన్వర్టరు ఆయిల్ ద్వారా శక్తిని అందిస్తుంది కాబట్టి లోడు మీద ఎంతో కొంత జారుతూనే ఉంటుంది. జారిన శక్తి వేడిగా మారి ఆయిల్‌కు చేరుతుంది. కాగిన ఆయిల్ లోపలి క్లచ్ ప్యాకులను మాడుస్తుంది, సీళ్లను గట్టిపరుస్తుంది. తర్వాత వచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు మెరుగుపడ్డా ఇంజను బలం వాటికంటే వేగంగా పెరిగింది. ఫ్యాక్టరీ లెక్కలే ఇందుకు సాక్ష్యం. 2001లో డాడ్జ్ ఇచ్చిన బలమైన కమ్మిన్స్ ఇంజను, 245 హార్స్ పవర్, దాదాపు 685 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్‌తోనే దొరికేది. ఆటోమేటిక్ కావాలన్నవాళ్లు 235 హార్స్ పవర్, దాదాపు 624 న్యూటన్ మీటర్లతో సరిపెట్టుకోవాలి. ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్‌దీ ఇదే వరస: మాన్యువల్‌కు 275 హార్స్ పవర్, ఆటోమేటిక్‌కు 250. గ్యారంటీ ఖర్చు భరించాల్సిన కంపెనీ తన నమ్మకాన్ని ఎటు పెట్టిందో ఈ అంకెలే చెబుతున్నాయి.

మరి మాన్యువల్‌లో ఆ వేడి, ఆ ఒరిపిడి ఎక్కడికి పోతాయి? చాలావరకు క్లచ్ ప్లేటు దగ్గరే ఆగిపోతాయి. ఇంట్లో ఫ్యూజు తీగ చేసే పనిని ఇక్కడ క్లచ్ ప్లేటు చేస్తుంది, తాను పోయి వెనకున్నదాన్ని కాపాడుతుంది. పోయేముందు చెప్పి మరీ పోతుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరుగుతుంది, బండి మాత్రం కదలదు, మాడువాసన వస్తుంది. బాక్సు దించి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మార్చి, ఫ్లైవీలు చదును చేయిస్తే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. లోపల గేర్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి, వాటి మధ్య ఆయిల్ పొర ఉంటుంది. గేరు మార్చేటప్పుడు రాసుకునేది, గేరు వేగాన్నీ షాఫ్టు వేగాన్నీ సమం చేసే సింక్రో రింగు ఒక్కటే. అందువల్ల మాన్యువల్ బాక్సు చెడలేదని కాదు, చెడినా ఎక్కడ చెడిందో మామూలు మెకానిక్కు చెవితో, చేత్తో పట్టుకోగలిగాడు. దీర్ఘాయుష్షు అని మనం అనేదానిలో పెద్ద వాటా మరమ్మతు సౌలభ్యానిదే.

1990లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ కలిసి పెట్టిన న్యూ వెంచర్ గేర్ సంస్థ తయారుచేసిన ఎన్వీ4500 బాక్సును దగ్గరగా చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. పోత ఇనుప గుల్ల, ఐదు గేర్లు. 1990ల మధ్యకు కమ్మిన్స్ డాడ్జ్‌లకు అదే ప్రధాన మాన్యువల్ బాక్సు అయింది. అంత మొరటు బాక్సుకూ ఒక నట్టు దగ్గర దెబ్బ తగిలింది. ఐదో గేరు మెయిన్ షాఫ్టు వెనక చివర స్ప్లైన్ల (షాఫ్టు మీది గాళ్ల) మీద కూర్చుంటుంది, దాన్ని కదలకుండా పట్టేది ఒక పెద్ద నట్టు. డీజిల్ ఇంజనులో ప్రతి సిలిండరులోనూ ఇంధనం మండినప్పుడు షాఫ్టుకు ఒక కుదుపు తగులుతుంది. లోడుతో, తక్కువ ఆర్పీఎంలో, ఐదో గేరులోనే ఈడ్చుకుపోతే ఆ కుదుపులు మరీ తీవ్రం. వేల మైళ్ల తర్వాత నట్టు వదులవుతుంది, గేరు వెనక్కి జరుగుతుంది, స్ప్లైన్లు అరిగిపోతాయి. ఒకరోజు ఐదో గేరు పడదు. మిగతా నాలుగూ మామూలుగానే ఉంటాయి, డ్రైవరు నాలుగో గేరులో ఇల్లు చేరతాడు. ఈ లోపాన్ని దాచాల్సిన పని లేదు. మెకానిక్కులు దాన్ని గుర్తించారు. మార్కెట్లోకి వదులుకాని నట్టులూ మెరుగైన షాఫ్టులూ వచ్చాయి, ఆ ట్రక్కులు ఇంకా పనిచేస్తున్నాయి. ఆయిల్ విషయమూ అంతే. దానికి జీఎల్-4 రకం సింథటిక్ గేరు ఆయిల్ పోయాలి. డిఫరెన్షియల్‌కు పోసే జీఎల్-5నే ఇందులోనూ పోస్తే అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడి రింగులకు చేటు.

నేను చెప్పిన ఈ కారణాలకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇప్పటికీ తిరుగుతున్న పాత మాన్యువల్ ట్రక్కులను చూసి తీర్పు చెప్పడం సరికాదు, చెడిపోయినవి తుక్కులో కలిసిపోయాయి కదా అంటారు. న్యాయమైన మాటే. జాగ్రత్తగా వాడుకునేవాడే మాన్యువల్ కొనుక్కున్నాడు, అందుకే అది నిలిచింది అన్నదీ కొంతవరకు నిజం. హాఫ్ క్లచ్ మీద బండిని కొండ మీద నిలబెట్టేవాడి చేతిలో ఏ క్లచ్చూ నిలవదు. కానీ ఈ వాదన ఎన్వీ4500 నట్టు కథను వివరించలేదు. ఆ లోపం జాగ్రత్తపరుడికీ వచ్చింది, అయినా బాగుచేసుకునే వీలుంది కాబట్టే బండి బతికింది. అల్లిసన్, ఐసిన్ ఆటోమేటిక్‌లు ఇప్పుడు అంతకంటే గట్టివి కదా అంటే, అవును, కాదనలేం. 2001లో జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్ డీజిల్‌కు జతచేసిన అల్లిసన్ 1000 నుంచే ఆ మార్పు మొదలైంది. మాన్యువల్ ఎప్పటికీ గొప్పదని ఇక్కడి వాదన కాదు. అది గొప్పగా ఉన్న కాలానికి కొన్ని కారణాలున్నాయి, అవి మారాక ఫలితమూ మారింది.

ఎలా మారిందో డాడ్జ్ వారి రామ్ ట్రక్కులే చూపాయి. 1999 మోడల్‌తో వచ్చిన ఆరు గేర్ల ఎన్వీ5600 పోత ఇనుముతో దాదాపు 160 కిలోల బరువుండేది. 2005లో దాని స్థానంలో మెర్సిడెస్ జీ56 వచ్చింది, అల్యూమినియం గుల్లతో. ఇంజను కుదుపులను తగ్గించడానికి రెండు ముక్కల ఫ్లైవీలు పెట్టారు. చవగ్గా పోయే క్లచ్ ప్లేటు పక్కన ఇప్పుడు ఖరీదుగా పోయే భాగం ఒకటి చేరింది. 2013 నాటికి 6.7 లీటర్ల కమ్మిన్స్ ఐసిన్ ఆటోమేటిక్‌తో దాదాపు 1150 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, మాన్యువల్‌తో 895 దగ్గరే ఆపారు. 2001లో ఉన్న లెక్క తలకిందులైంది. కారణం గేరు పళ్ల బలహీనత ఒక్కటే కాదు. ఆటోమేటిక్‌లో గేరు మారే క్షణంలో కంప్యూటరు ఇంజను టార్కును తగ్గిస్తుంది, బాక్సుకు దెబ్బ తగలనివ్వదు. మాన్యువల్‌లో క్లచ్ వదిలే ఎడమ కాలు మీద ఏ కంప్యూటరుకూ అదుపు లేదు. అందరికంటే మొరటుగా నడిపేవాడిని దృష్టిలో పెట్టుకునే కంపెనీ టార్కు హద్దు గీయాలి. కొనేవాళ్లు తక్కువ బలం ఉన్న బండిని ఎందుకు ఎంచుకుంటారు? జనరల్ మోటార్స్ 2000ల మధ్యలోనే, ఫోర్డ్ 2010 మోడల్‌తో మాన్యువల్‌ను ఆపేశాయి. రామ్ 2018 మోడల్ దాకా నిలబెట్టింది.

ఇప్పుడు ఆ పాత బాక్సులకు ఉన్న ప్రమాదం అరుగుదల కాదు, విడిభాగాల కొరత. న్యూ వెంచర్ గేర్ సంస్థ ఇప్పుడు లేదు. ఎన్వీ5600కు సింక్రో రింగులు దొరకడం కష్టమైపోయింది. మరమ్మతు సౌలభ్యమే ఆయుష్షుకు మూలమైతే, రింగు దొరకని రోజున ఎంత బరువైన పోత ఇనుప గుల్ల ఉన్నా బండి ఆగిపోతుంది. కాబట్టి అలాంటి ట్రక్కు కొనాలనుకునేవారు ఓడోమీటరు చూసే ముందు బాక్సు పేరు అడగండి, ఏ ఆయిల్ పోశారో అడగండి, ఎన్వీ4500 అయితే ఐదో గేరు నట్టు ఎప్పుడు చూశారో అడగండి. ఆ బాక్సుకు విడిభాగాలు ఇంకా తయారవుతున్నాయో లేదో తెలుసుకున్నాకే ధర మాట్లాడండి.