సమాధిలో ముక్కుపొడుం బుడ్డి

ఫారోల నాటి సమాధిలో దొరికిందంటూ 1830లలో ఇటలీ పండితుడు రోసెల్లిని ఒక చిన్న చైనా పింగాణీ బుడ్డిని చూపించాడు. ఇంకేం, ఈజిప్టుకీ చైనాకీ మూడు వేల ఏళ్ల కిందటే వ్యాపారం ఉందని యూరప్‌లో కొందరు నమ్మేశారు.

అలాంటి బుడ్లు మరికొన్ని బయటపడ్డాయి. ఒక వైపు పువ్వు, రెండో వైపు చైనీస్ అక్షరాలు. అవి కవితా పంక్తులు. కొన్ని టాంగ్ వంశం (618–907) నాటి కవులవి అని తేలింది. అప్పటికి ఫారోలు పోయి ఆరు శతాబ్దాలు దాటింది!

అసలివి ముక్కుపొడుం బుడ్లు. పొడుం తడి తగలకుండా బిరడా, బిరడాకి బుల్లి చెంచా. చింగ్ పాలకుల కాలంలో జింగ్‌డెజెన్ బట్టీల్లో ఇలాంటివి బోలెడు కాల్చారు. పొగాకు అమెరికా నుంచి చైనా చేరిందే 16వ శతాబ్దంలో.

బుడ్డి వయసు చెప్పమని అందరూ సమాధిని అడిగారు. ఆ పద్యం రాసిందెవరని అడగడమే ఆలస్యమైంది.