చేపలమ్మే మహిళకూ రాయితీ ఉంది.. పొందాలంటే?

సముద్రం లేని చోట మత్స్యశాఖ పథకాలేంటి అనుకుంటున్నారా? గాజులదిన్నె జలాశయం, తుంగభద్ర, ఊరి చెరువుల చేపలపై బతికేవారికీ అవి వర్తిస్తాయి. వల వేసేవారికే కాదు, ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో అమ్మే మహిళలకూ.

ఐస్‌ పెట్టె లేకపోతే సాయంత్రానికి సరుకు అయినకాడికి అమ్మేయాల్సిందే. పీఎం మత్స్య సంపద యోజన ఐస్‌ పెట్టెతో కూడిన బైక్‌ యూనిట్‌ ధరను రూ.75 వేలుగా నిర్ణయించింది. జనరల్‌ కేటగిరీకి రాయితీ 40 శాతం, మహిళలకు 60 శాతం. అంటే రూ.45 వేలు రాయితీ, మిగతా రూ.30 వేలు ఆమె వాటా.

ముందుగా నేషనల్‌ ఫిషరీస్‌ డిజిటల్‌ ప్లాట్‌ఫామ్‌లో భర్త పేరుతో కాకుండా ఆమె పేరుతోనే నమోదు చేయించండి. ఆధార్‌, దానికి లింకైన ఫోన్‌ నంబరు ఉండాలి. ఫోన్‌లో రాకపోతే సీఎస్‌సీకి వెళ్లండి. రాయితీ దరఖాస్తులు తీసుకుంటున్నారేమో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి.