జర దిగి నూకుండ్రి!

ఎద్దు మొరాయిస్తుంది, గుర్రం మొరాయిస్తుంది, కారూ మొరాయిస్తుంది. మనవాళ్ళు మాట మార్చలేదు. కానీ బ్యాటరీ చచ్చి కదలనని భీష్మించుకున్న కారుకు మా నల్గొండ వైపు ప్రత్యేకంగా ఒక మాట ఉంది. "సెల్ఫ్ ఎత్తుతలేదు" అంటారు. ఆ వెంటనే వచ్చే రెండో మాట "జర దిగి నూకుండ్రి". కోస్తా వాళ్ళు తోస్తారు, నెడతారు. మేం నూకుతాం. నూక అనగానే ఉప్మా గుర్తొచ్చే అక్కయ్యలు మన్నించాలి!

ఇంతకీ ఈ "సెల్ఫ్" ఎక్కణ్ణించి వచ్చింది? అది రాకముందు కారు ముక్కులో ఇనుప హ్యాండిల్ పెట్టి, నడుము వంచి, బలమంతా పెట్టి తిప్పేవారు. ఇంజను ఒక్కోసారి ఎదురుతిరిగి హ్యాండిల్‌ను వెనక్కి విసిరేది. బొటనవేలు అడ్డం పెట్టిన వాడి చెయ్యి విరిగినట్టే. అందుకే బొటనవేలిని కూడా మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకోమని పాతకాలం డ్రైవర్లు నేర్పేవారు. ఈ కుస్తీ పడలేక అమెరికాలో చాలామంది ఆడవాళ్ళు బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ కార్లు కొనుక్కున్నారు. ఊరూవాడా పెట్రోలు కార్లతో నింపిన హెన్రీ ఫోర్డ్ గారి భార్య క్లారా తిరిగింది కూడా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కారులోనే. ఇంటాయన దుకాణంలో సరుకు ఇంట్లో చెల్లలేదన్నమాట.

అక్కడ ఒక కథ చెబుతారు. దారిలో ఒకావిడ కారు ఆగిపోతే, బైరన్ కార్టర్ అనే ఆయన సాయం చేయబోయాడట. హ్యాండిల్ ఎదురుతన్ని దవడ పగిలింది. ఆ గాయంతోనే 1908లో పోయాడట. ఆయన స్నేహితుడు కాడిలాక్ కంపెనీ అధిపతి లీలాండ్, ఇక ఈ హ్యాండిల్ పీడ వదలాలని పట్టుబట్టాడట. కథలో నిజమెంతో, కల్పన ఎంతో గానీ, 1912 కాడిలాక్ కారులో కరెంటుతో తిరిగే స్టార్టరు వచ్చిన మాట నిజం. దాన్ని తయారుచేసిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో డబ్బు పెట్టే యంత్రాలకు మోటారు అమర్చినవాడు. డబ్బు పెట్టె తెరవాలంటే మోటారు రోజంతా తిరగక్కర్లేదు. ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. ఇంజనుకూ అంతే కదా అనుకున్నాడు. గల్లాపెట్టె పుణ్యమా అని ఆడవాళ్ళకు స్టీరింగు అందింది.

మన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. సరిగ్గా ఆ కాలం నాటిదే. నిజాం రైల్వే వారు 1932 జూన్ 15న 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు సర్వీసు మొదలుపెట్టారు. తర్వాతి ఆర్టీసీకి అదే మొలక. అన్నట్టు, ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే "జెడ్" అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరులోదని చెబుతారు. తల్లి పేరు బస్సు నుదుటికెక్కింది గానీ, ఆడవాళ్ళు డ్రైవరు సీటుకెక్కడానికి మరో ఎనభై ఏళ్ళకు పైనే పట్టింది.

నా చిన్నతనంలో మా మేనమామకు అంబాసిడర్ కారుండేది. పెళ్ళికి మిర్యాలగూడ వెళ్ళినా, దేవరకొండ వెళ్ళినా ఆయన ముందు చూసేది పందిరి కాదు, రోడ్డు వాలు. మా వైపు గుట్టలకూ మిట్టలకూ కొదవా? బండిని మిట్ట మీద, మూతి పల్లానికి పెట్టి ఆపేవాడు. వాలు దొరకని చోట మగవాళ్ళంతా దిగేవారు. "ఆడోళ్ళు కూసోండ్రి" అనేవారు మర్యాదగా. మా అమ్మ, ఇద్దరు అత్తలు, పులిహోర గిన్నెతో సహా వాళ్ళు నూకేవారు! ఒకసారి నూకే చేతులు చాలక మామయ్య కూడా దిగాల్సొచ్చింది. మా చిన్నమ్మను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "చెల్లే, నేను అనంగనే కాలు తియ్యి" అన్నాడు. ఆమె తీసింది. బండి అందుకుంది. ఆ తర్వాత ఆ సీటు మీద ఆమెకు మనసు పడింది. ఏడాది తిరక్కుండా లైసెన్సు తెచ్చుకుంది.

ఆ కిటుకు చాలా చిన్నది. తాళం తిప్పి ఆన్‌లో ఉంచాలి, లేకపోతే స్టీరింగు బిగుసుకుంటుంది. క్లచ్ తొక్కి రెండో గేరు వెయ్యాలి. మొదటి గేరులో అయితే బండి కుదుపుతో ఎగిరిపడుతుంది. నూకగా నూకగా కారు మనిషి పరుగు వేగానికి వచ్చాక క్లచ్ మీది కాలు చటుక్కున తియ్యాలి. రోజూ ఇంజను చక్రాల్ని తిప్పుతుంది. ఆ ఒక్క క్షణం చక్రాలే ఇంజనును తిప్పుతాయి. కోడలు అత్తగారిని తిప్పినట్టు! ఇంజను పలకగానే మళ్ళీ క్లచ్ తొక్కి, కాసేపు ఆపకుండా నడిపితే బ్యాటరీకి ప్రాణం వస్తుంది. పల్లం ఉంటే నూకే మనిషితో కూడా పని లేదు. కాకపోతే ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్రేకు, స్టీరింగు బరువుగా ఉంటాయి. సందడి లేని రోడ్డయితేనే ఈ పని పెట్టుకోవాలి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలు కార్లలో పెట్రోలు తోడే పంపూ కరెంటుదే, లోపల కంప్యూటరూ కరెంటుదే. బ్యాటరీలో కొనప్రాణమైనా లేకపోతే ఊరంతా వచ్చి నూకినా ఫలితం సున్న. ఆటోమేటిక్ గేరు బండిని అసలు నూకనే కూడదు. అందుకని డిక్కీలో జత వైర్లు ఉంచుకోవడం మంచిది. ముందు ఎర్ర వైరు రెండు బ్యాటరీల ప్లస్‌లకు. తర్వాత నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస చచ్చిన కారు ఇంజను మీద రంగు లేని ఇనుముకు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేస్తే ప్రమాదం, అందులోంచి మండే వాయువు వస్తుంది గనుక. మే నెలలో మా నల్గొండ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి బ్యాటరీల ఆయుష్షు తరుగుతుంది. చలికాలంలో మొరాయించే బండికి రోగం ఎండాకాలంలోనే అంటుకుని ఉంటుంది.

పక్కనున్న పాలమూరులో, దివిటిపల్లి దగ్గర, అమర రాజా వారు 2023 మేలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి పునాది వేశారు. క్లారా ఫోర్డ్ నాటి ఎలక్ట్రిక్ కారు చుట్టూ తిరిగి మన గుమ్మంలోకి వచ్చిందన్నమాట. వాటికి క్లచ్ లేదు, నూకుడూ లేదు.

పాత నల్గొండ జిల్లా సంస్థాన్ నారాయణపూర్ మండలం తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరయింది. 2025లో మన ఆర్టీసీకి వచ్చి హైదరాబాదు–మిర్యాలగూడ దారిలో బస్సెక్కింది. ఆమెతో ఎవరైనా "ఆడోళ్ళు కూసోండ్రి" అంటే, ఆమె కూర్చునేది స్టీరింగు ముందే.