పాతమోటారుబండ్ల సంఖ్యలు – అవి చెప్పు చరిత్ర

శిథిలాలయమును జీర్ణోద్ధరణము చేయబూనినవారు మొట్టమొదట చేయవలసిన పని గోడలకు సున్నము కొట్టుట కాదు. వానిమీది శాసనములను చదువుట. తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో అదిమి, మసి అద్ది అచ్చు తీసికొనిన పిదపనే చరిత్రకారుడు పనివారిని రానిచ్చును. ఈ నియమము పాతమోటారుబండ్లకును వర్తించునన్నచో కొందరు నవ్వవచ్చును. కాని బండికిని శాసనము కలదు. దానిపై గ్రుద్దబడిన యంకెలే ఆ శాసనము.

బెంగుళూరు, కోయంబత్తూరు, బరంపురము, షోలాపురము మున్నగు పట్టణములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో, తాతగారి కారు కొట్టములో దుమ్ముపట్టి నిలిచియున్న యిండ్లు లేకపోలేదు. దానిని బాగుచేయించి మరల వీధిలోనికి తేదలచిన వారికొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బండికి ముఖ్యముగా మూడు సంఖ్యలు కలవు: రిజిస్ట్రేషను సంఖ్య, చట్రపు సంఖ్య, ఇంజను సంఖ్య. మొదటిది ప్రభుత్వ మిచ్చినది, అది మారుచుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, ఒక రాష్ట్రపు బండి మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి యుండినచో అచ్చటి క్రొత్త సంఖ్యను పొందవలెను. రాష్ట్రముల అక్షరములును మారినవి. ఒడిశాలో 2012లో ఓ.ఆర్. పోయి ఓ.డి. వచ్చెను. కావున నంబరు పలక బండి కాపురమున్న చోటును మాత్రమే చెప్పును. దాని పుట్టుకను చెప్పునది చట్రపు సంఖ్య. కాపురము మారినంతమాత్రమున పుట్టుక మారదు.

పేరును నమ్ముటకు వీలులేదనుటకు రోల్స్‌రాయిస్ కంపెనీ చరిత్రయే నిదర్శనము. 1907లో ఆ కంపెనీవారు 60551 అను చట్రముపై బార్కరు కంపెనీ కట్టిన పెట్టె నమర్చి, వెండిరంగు పూసి, ఆ యొక్క బండికి సిల్వర్ ఘోస్ట్ అని పేరిడిరి. కాలక్రమమున ఆ పేరు ఆ తరగతి బండ్లన్నిటికిని వ్యాపించెను. నేడు సిల్వర్ ఘోస్టులు పెక్కు కలవు, 60551 ఒక్కటియే.

సంఖ్యలు సరిపోవుట యనగా చట్రముమీదను ఇంజనుమీదను ఒకే యంకెలుండుట యని పలువురు భ్రమపడుదురు. అట్లు కాదు. పెక్కు కంపెనీలు చట్రమునకొక వరుసను, ఇంజనునకు వేరొక వరుసను వాడినవి. ఈ చట్రముతో ఈ యింజను కార్ఖానా వెడలెనని కంపెనీ పుస్తకములు చెప్పినచో, ఆ రెండును సరిపోయినట్లే. మన రిజిస్ట్రేషను పుస్తకమునందును ఈ రెండు సంఖ్యలు వ్రాయబడియుండును. ఇనుముమీది యంకెలను ఆ కాగితములతో పోల్చుటయే పరీక్ష.

ఇంజనుపై రెండు విధములైన యంకెలు కనబడును. ఉబ్బెత్తుగా నుండునవి పోతపోయునప్పుడు అచ్చులో వచ్చినవి. ఒకే అచ్చున పోసిన వేలకొలది ఇంజనులకు ఆ పోత సంఖ్య ఒక్కటే. లోనికి గ్రుద్దబడినవి మాత్రమే ఆ యొక్క యింజనుకు చెందినవి. కొన్నిటిపై పోతపోసిన తేదియు నుండును. అది బండి తయారైన నాటికి తరువాతిదైనచో, ఆ యింజను పిమ్మట చేర్చబడినదని తెలిసికొనవలెను. అంకెల చుట్టును ఆకురాయి గీతలున్నను, వరుస వంకరగా నున్నను సందేహింపవలెను. సుత్తిదెబ్బకు అంకెక్రింది లోహము అణగియుండును. కనుక పైయంకెను సానబట్టి చెరిపినను, నిపుణులు ఆమ్లము పూసి అడుగునున్న పాతయంకెను వెలికితీయగలుగు సందర్భములు కలవు.

ఇసుక చిమ్మి తుప్పు రాల్చుట, దట్టముగా రంగు వేయుట మొదలైనవి ఈ యానవాళ్లను తుడిచివేయును. అందుచే పరీక్ష ముందుగానే జరుగవలెను. జిడ్డును మెత్తని గుడ్డతో తుడిచి, ఫోటో తీసి, పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనవలెను. రవాణా కార్యాలయములలో దరఖాస్తుల కంటించు పెన్సిలు ప్రింటు ఇదియే; శాసనపు అచ్చునకు ఇది తమ్ముని వంటిది.

మరి ఇంజను మారిపోయినచో బండి తన గుర్తింపును కోల్పోయినట్లేనా? ఈ ప్రశ్నకు 1990లో ఇంగ్లండు న్యాయస్థానము సమాధానము చెప్పవలసివచ్చెను. ఓల్డ్ నంబర్ వన్ అను బెంట్లీ పందెపుకారు 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సుదేశపు ల మాన్ పందెమున గెలిచినది. రెండుసార్లును నడిపినవారిలో వుల్ఫ్ బర్నాటో ఉండెను. పిమ్మట దాని భాగము లెన్నియో మారెను. 8 లీటర్ల క్రొత్త యింజను పెట్టిరి. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెమున అది గట్టు దాటి పడగా నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. బండిని మరల కట్టిరి. 1990లో దానిని కోటి పౌండ్లకు కొనుట కొప్పుకొనినవారు, ఇది ఆనాటి బండియే కాదని వాదించి వెనుదీసిరి.

న్యాయమూర్తి ఆటన్ దాని చరిత్రనంతయు విచారించెను. 1929 నాటి భాగములతోనే నిలిచిన బండి యని దానిని చెప్పరాదు. అయినను అది ఎన్నడును లోకమునుండి మాయము కాలేదు. ప్రతి మార్పును తెలిసినదే. ఆ పేరును కోరదగిన బండి మరియొకటి లేదు. కావున ఇదియే నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పెను. మార్పు దోషము కాదు, మార్పును దాచుటయే దోషమని మేము ఈ తీర్పునుండి గ్రహించుచున్నాము.

మనదేశమున పెట్రోలు ఖర్చునకు వెరచి పాతకార్లలో డీజిలు ఇంజను పెట్టించినవారు పెక్కుమంది. అట్టి బండి కలవారు ఆ మార్పు రిజిస్ట్రేషను పుస్తకమున ఎక్కినదో లేదో చూచుకొనవలెను. 2021లో వచ్చిన కేంద్ర నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, చట్రము, పెట్టె, ఇంజనులలో పెద్ద మార్పులు లేని బండ్లకు వి.ఏ. అక్షరములతో ప్రత్యేక సంఖ్య లభించును. ఆ యాశతో చెరిపిన యంకెపై క్రొత్తయంకె గ్రుద్దించు దురాలోచనకు లోనుకారాదు. అది నేరము, అంతకుమించి, తాతగారి బండి చరిత్రను మన చేతులతో మనమే చెరిపివేయుట.

రంగు వెలిసినచో మరల వేయవచ్చును. తోలు చినిగినచో మరల కుట్టవచ్చును. అంకె ఒక్కసారి పోయినచో తిరిగి రాదు. కనుక పనివానిని పిలుచుటకు ముందు పెన్సిలును కాగితమును చేతబట్టుడు. తీసిన అచ్చును పాత పుస్తకముతోపాటు పెట్టెలో భద్రపరచి, ఆ బండి ఎవరు కొన్నది, ఎచ్చట తిరిగినది, ఎప్పు డేమి మారినది పిల్లలకు తెలియునట్లు తెలుగున వ్రాసియుంచుడు.