పావలాల సంవత్సరం, 1982

మా ఆఫీసులో ఒక జోకు ఉండేది. ఏదైనా రిలీజ్ ఘోరంగా తన్నేస్తే దాన్ని 'ఈటీ' అనేవాళ్లు. కొత్తగా చేరిన పిల్లలు ఎందుకలా అంటారని అడిగితే మా మేనేజర్ చాలా ఇష్టంగా చెప్పేవారు. అనగనగా అమెరికాలో అటారీ అని ఒక కంపెనీ, అందులో ఒక ప్రోగ్రామర్, అతను ఐదు వారాల్లో ఒక చెత్త గేమ్ రాశాడు, దాంతో కంపెనీ మునిగింది, అమ్ముడుపోని క్యాసెట్లన్నీ ఎడారిలో గొయ్యి తీసి పూడ్చేశారు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. తర్వాత ఒక దీపావళికి మా టీమ్ ఆరు వారాల్లో ఒక మొబైల్ గేమ్ తయారుచెయ్యాల్సొచ్చింది. అది తన్నేసింది. మీటింగులో తెరమీద వేసిన స్లైడ్‌లో 'కారణాలు' అన్న మాట కింద నేను రాసిన మాడ్యూల్ పేరు ఒక్కటే ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి, అసలు ఆ ఈటీ కథేమిటో మొదటిసారి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

చదువుతుంటే ముందు తెలిసిందేమిటంటే, ఈ కథ జరిగింది చెడ్డ కాలంలో కాదు. 1982 అటారీ చరిత్రలోకెల్లా పెద్ద సంవత్సరం. ఆ ఏడు అమ్మకాలు సుమారు 200 కోట్ల డాలర్లు. సినిమాలూ, పాటల రికార్డులూ అమ్ముకునే వార్నర్ కమ్యూనికేషన్స్ 1976లో ఈ కంపెనీని కొన్నది 2.8 కోట్ల డాలర్లకి. ఆరేళ్లు తిరిగేసరికి వార్నర్ లాభాల్లో సగానికి పైగా ఈ ఆటల నుంచే వస్తున్నాయి. కొడుకు సంపాదన మీద బతికే తండ్రిలా అయింది వార్నర్ పరిస్థితి.

1982 జనవరిలో టైమ్ పత్రిక వీడియో గేమ్‌లని ముఖచిత్రంగా వేసింది. అంతకుముందు ఏడాదిలో అమెరికన్లు ఆర్కేడ్ మిషన్లలో వేసిన పావు డాలరు నాణేలు 2,000 కోట్లని వాళ్లు లెక్క కట్టారు. అంటే 500 కోట్ల డాలర్లు, పావలా పావలాగా. (మన పావలా 2011లో చెల్లకుండా పోయింది. వాళ్లది ఇప్పటికీ చెల్లుతోంది.) ప్యాక్‌మ్యాన్ మీద కట్టిన ఒక పాట ఆ వసంతంలో బిల్‌బోర్డ్ మొదటి పది పాటల్లోకి వెళ్లింది. ఓట్స్ అమ్ముకునే క్వేకర్ ఓట్స్ కంపెనీ కూడా వీడియో గేమ్‌ల వ్యాపారంలో ఉంది. ఇక్కడ నాకు మన ఊళ్లలో ఒక హిట్ సినిమా తర్వాత రియల్ ఎస్టేట్ వాళ్లూ, బెల్లం వ్యాపారులూ నిర్మాతలైపోవడం గుర్తొచ్చింది.

ఇంతకీ ఆ మిషన్ ఎలాంటిదో చెప్పాలి. అటారీ వీసీఎస్, తర్వాత 2600 అని పేరు మార్చారు, 1977లో వచ్చింది. టీవీకి తగిలించి ఆడుకోవాలి. దానికున్న ర్యామ్ 128 బైట్లు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యంలో సగం కూడా ఆ మిషన్ జ్ఞాపకంలో పట్టదు. టీవీ తెరమీద ఒక్కో గీతా గీస్తుండగానే ప్రోగ్రామర్ తర్వాతి గీతలో ఏముండాలో లెక్కవేసి అందించాలి. ఆలస్యమైతే బొమ్మ చెదిరిపోతుంది. ఒక్కో గేమ్‌కీ మొత్తం పని ఒక్క మనిషే చేసేవాడు. ఊహ, బొమ్మ, చప్పుడు, కోడు అన్నీ.

కానీ డబ్బా మీద అతని పేరుండదు. అప్పటి అటారీ అధిపతి రే కాసర్ జౌళి పరిశ్రమ నుంచి వచ్చినవాడు. బట్టకి నేసినవాడి పేరు వెయ్యరు కదా అనుకుని ఉంటాడు, నా ఊహ. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ 'అడ్వెంచర్' అన్న ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది కట్టి, అందులో తన పేరు రాసుకుని, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆట 1980లో బజారులోకొచ్చాక సాల్ట్ లేక్ సిటీలో ఒక పదిహేనేళ్ల పిల్లవాడు ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా అక్కడెవరికీ తెలియదు. మన గుళ్లలో ఎక్కడో ఒక స్తంభం అడుగున శిల్పి చెక్కుకున్న పేరు కనిపిస్తుంది చూడండి, అలాంటి పని.

డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లాన్ గదులు కట్టలేదు. తమ ఆటలు అమ్మకాల్లో ఎంత వాటా తెస్తున్నాయో లెక్క చూసుకుని, నేరుగా కాసర్ దగ్గరికి వెళ్లారు. పేరూ, కాస్త వాటా అడిగారు. ఆ క్యాసెట్లని లైన్‌లో బిగించే వాళ్లకంటే మీరేం ఎక్కువ కాదని జవాబొచ్చిందని క్రేన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. 1979లో వాళ్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. అటారీ మిషన్‌కి బయటివాళ్లు ఆటలు చెయ్యడం అదే మొదలు. అటారీ కోర్టుకి వెళ్లింది, 1982లో రాజీ కుదిరింది. ఇక ఎవరైనా చెయ్యొచ్చని తేలడంతో చిన్నా పెద్దా కంపెనీలు తోసుకొచ్చాయి. యాక్టివిజన్ మాత్రం డబ్బాల మీద తయారుచేసినవాళ్ల పేర్లు వేసింది. అదే ఏడు వచ్చిన 'పిట్‌ఫాల్' మీద క్రేన్ పేరుంది. అది లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇక ప్యాక్‌మ్యాన్. జపాన్‌లో నామ్కో కంపెనీలో తోరు ఇవతాని బృందం 1980లో చేసిన ఆర్కేడ్ ఆట. దాన్ని ఇంటి మిషన్‌కి దింపే పని టాడ్ ఫ్రై మీద పడింది. క్యాసెట్‌లో చోటు నాలుగు కిలోబైట్లు. నాలుగు దెయ్యాలనీ ఒకేసారి చూపించే స్తోమత అందులో లేక, ఒక్కో ఫ్రేములో ఒక్కో దెయ్యాన్ని వంతులవారీగా గీశాడు. అందుకే అవి మిణుకుమిణుకుమంటాయి. దెయ్యాలు కాబట్టి సరిపోయింది అనుకోవచ్చు కానీ, ఆర్కేడ్‌లో ఆడిన పిల్లలు మోసపోయామనుకున్నారు. 1982 మార్చిలో వచ్చిన ఆ క్యాసెట్లు 70 లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. ఆ మిషన్ మీద అంతకంటే ఎక్కువ అమ్ముడైన ఆట ఇంకోటి లేదు.

నేను ఆగిపోయింది ఇక్కడే. 70 లక్షలు అమ్మిన ఆటని చరిత్ర పరాజయాల పట్టికలో ఎందుకు రాసింది? గ్రాస్ ఎంత, షేర్ ఎంత అని వాదించుకునే తెలుగువాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కొన్నవాళ్ల లెక్క వేరు, తయారుచేసిన లెక్క వేరు, దుకాణాల్లో మిగిలిన లెక్క ఇంకా వేరు.

1981లో అటారీ సరుకుకి గిరాకీ ఎంతుందంటే, డిస్ట్రిబ్యూటర్లు అడిగినంత ఇవ్వలేకపోయింది. వంద అడిగితే కొన్నే వచ్చేవి. ఆ అక్టోబరులో కంపెనీ వాళ్లందర్నీ పిలిచి, 1982 సంవత్సరం మొత్తానికి ఎంత కావాలో ఇప్పుడే ఆర్డర్ రాయమంది. వాళ్లేం చేస్తారు? పెద్ద హీరో సినిమా మొదటి రోజు మొదటి ఆటకి మనమేం చేసేవాళ్లం? నలుగురు స్నేహితుల్ని నాలుగు థియేటర్ల దగ్గర నిలబెట్టేవాళ్లం, ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని. డిస్ట్రిబ్యూటర్లు కూడా అలాగే, ఎలాగూ కోత పడుతుంది కదా అని అవసరానికి మించి రాసేశారు. అటారీ ఆ కాగితాలు చూసి ఫ్యాక్టరీలు నడిపింది. ఈసారి నలుగురికీ టికెట్లు దొరికాయి! ఈలోగా బజారులో పోటీ సరుకు. ఆగస్టులో కొలెకోవిజన్ అనే కొత్త మిషన్ వచ్చింది, దానితోపాటే డాంకీ కాంగ్ ఆట ఉచితం. వేసవి దాటాక డిస్ట్రిబ్యూటర్లు ఆర్డర్లు రద్దు చెయ్యడం మొదలుపెట్టారు. వెనక్కొచ్చే సరుకు లారీలు ఎక్కింది.

గమనించండి, ఇదంతా జరుగుతున్నప్పటికి ఈటీ ఆట ఇంకా దుకాణాల్లోకి రానేలేదు.

సినిమా జూన్‌లో విడుదలైంది. వార్నర్ అధిపతి స్టీవ్ రాస్ స్పీల్‌బర్గ్‌తో బేరం కుదుర్చుకునేసరికి జూలై చివరి వారం. హక్కులకి రెండు కోట్ల డాలర్లకి పైనే ఇచ్చారని అప్పటినుంచీ చెప్పుకుంటున్నారు. క్రిస్మస్‌కి సరుకు అందాలంటే సెప్టెంబర్ ఒకటికల్లా కోడు చేతికి రావాలి. జూలై 27న హోవర్డ్ స్కాట్ వార్షాకి ఫోనొచ్చింది. అతను అప్పటికే 'యార్స్ రివెంజ్' చేసినవాడు, మంచి పేరున్నవాడు. మామూలుగా నెలల తరబడి పట్టే పని. ఐదు వారాల్లో చేస్తానన్నాడు. ఆలోచన విన్న స్పీల్‌బర్గ్, ప్యాక్‌మ్యాన్‌లాంటిది ఏదైనా చెయ్యకూడదా అన్నాడట. వార్షా ఒప్పుకోలేదు. పనిచేసే మిషన్ ఒకటి అతనింట్లో కూడా పెట్టారు. ఆఫీసు నుంచి ఇంటికెళ్లే దారిలో తప్ప మిగతా వేళంతా దాని ముందే. చెప్పిన తేదీకి ఇచ్చేశాడు.

ఆట బాగాలేదు, నిజమే. నేను ఎమ్యులేటర్‌లో ఆడి చూశాను. ఈటీ మాటిమాటికీ గోతుల్లో పడుతుంటాడు, మెడ సాగదీసి పైకి తేలాలి, తేలీ తేలగానే మళ్లీ పడతాడు. చిరాకు పుడుతుంది. కానీ ఐదు వారాల్లో, ఆ 128 బైట్లలో, ఆర్కేడ్ నకలు కాని కొత్త ఆట ఆలోచించినవాడి మీద నాకు గౌరవం పుట్టింది. నా ఆరు వారాల్లో నేను అంత ధైర్యం చెయ్యలేదు.

1982 డిసెంబర్ 7. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడు దాటాక వార్నర్ ఒక ప్రకటన చేసింది. ఏడాది లాభాలు 50 శాతం పెరుగుతాయని షేర్ మార్కెట్ ఎదురుచూస్తోంది. పెరిగేది 10 నుంచి 15 శాతమే అని ప్రకటన. మళ్లీ చదువుకోండి: నష్టం వచ్చిందని కాదు, లాభం అనుకున్నంత పెరగలేదని. మర్నాటికల్లా వార్నర్ షేరు సుమారు మూడో వంతు పడిపోయింది. ఆ ప్రకటనకి 23 నిమిషాల ముందు రే కాసర్ తన వార్నర్ షేర్లు 5,000 అమ్మాడని బయటపడింది. తప్పు ఒప్పుకోకుండానే, తప్పు లేదనీ వాదించకుండానే లాభం తిరిగిచ్చి ప్రభుత్వంతో రాజీ పడ్డాడు. 1983 వేసవిలో పదవి వదిలాడు.

1983 ఫిబ్రవరిలో అటారీ తన తయారీని హాంకాంగ్, తైవాన్‌లకి తరలిస్తున్నామంటూ కాలిఫోర్నియాలో 1,700 మందిని తీసేసింది. లైన్‌లో క్యాసెట్లు బిగించేవాళ్లు. మీకంటే వాళ్లేం తక్కువ కాదని ప్రోగ్రామర్లకి చెప్పడానికి ఉదాహరణగా పనికొచ్చినవాళ్లు. ఆ ఏడు అటారీ నష్టం 50 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడు వార్నర్ దాన్ని ముక్కలు చేసి అమ్మేసింది.

సెప్టెంబర్‌లో టెక్సాస్‌లోని ఎల్ పాసో గోదాము నుంచి లారీలు న్యూమెక్సికోలోని ఆలమొగోర్డో చెత్తదిబ్బకి వెళ్లాయి. పూడ్చి, పైన కాంక్రీటు పోశారు. 2014 ఏప్రిల్‌లో ఒక డాక్యుమెంటరీ కోసం ఆ గొయ్యి తవ్వారు. దుమ్ము గాలిలో జనం మధ్య వార్షా కూడా నిలబడి చూశాడు. అప్పటికి అతను సైకోథెరపిస్టు, ఆ వృత్తి చేసుకుంటున్నది సిలికాన్ వ్యాలీలోనే. పైకొచ్చిన క్యాసెట్లు దాదాపు 1,300. అందులో ఈటీ ఒక భాగమే. మిగతావి రకరకాల ఆటలు, హిట్ అయినవాటితో సహా. అప్పట్లో పూడ్చిన పని చూసిన అధికారి చెప్పిన లెక్క ప్రకారం అడుగున ఉన్నవి మొత్తం 7,28,000.

అమెరికాలో ఆ వ్యాపారం చచ్చిపోయిందనుకున్న 1983లోనే, జూలైలో, జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ అనే మిషన్ అమ్మకానికొచ్చింది. తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి కాంట్రా, మేరియో ఆడామే, ఆ చవక మిషన్లు దాని నకళ్లు. లోపల పెట్టేదాన్ని మనం క్యాసెట్ అనేవాళ్లం, ఆడకపోతే తీసి నోటితో ఊదేవాళ్లం. నేనీ వ్యాసంలోనూ ఆ మాటే వాడాను, వేరే మాట నోటికి రాదు.

పోయిన నెల కొత్త బ్యాచ్ చేరింది. క్యాంటీన్‌లో మా మేనేజర్ మళ్లీ ఈటీ కథ అందుకున్నారు. ఈసారి నేను కలగజేసుకుని, సార్, అంతకుముందే ప్యాక్‌మ్యాన్ కూడా అలాగే హడావిడిగా దింపారు, 70 లక్షలు అమ్ముడైంది అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "అవునా? అయితే ఎన్ని వారాల్లో చేశారు?" అని అడిగారు.